పేరు ఎక్కడ తెగింది? డేటాబేస్ డ్రైవర్లలో ట్రేసింగ్, లాగింగ్

ఒక జిల్లా కార్యాలయంలో పింఛనుదారుల చీటీలు ముద్రిస్తున్నారనుకుందాం. డేటాబేస్‌లో ‘శ్రీనివాస్’ అని ఉన్న పేరు చీటీపై ‘శ్రీని’ అని మాత్రమే పడింది. ఆధార్ కార్డులోని పేరుకూ చీటీలోని పేరుకూ పొంతన లేకపోవడంతో ఆ పెద్దాయన డబ్బు తీసుకోకుండానే బ్యాంకు నుంచి వెనుదిరగాల్సి వచ్చింది. డేటాబేస్ చూసుకునే సిబ్బంది పట్టిక తెరిచి చూపిస్తారు. అందులో పేరు పూర్తిగానే ఉంది. ప్రోగ్రామ్ రాసినవారు కోడ్ చూపిస్తారు. అది తనకు అందిన పేరును అందినట్టే ముద్రిస్తోంది. నెట్‌వర్క్ నిర్వాహకులు తమ వైపు ఏ లోపమూ లేదంటారు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. అయినా పేరు తెగింది.

ఇలాంటి తగాదాలను వాదనతో తేల్చలేం. ప్రోగ్రామ్ ఏమి అడిగింది, డేటాబేస్ వైపు నుంచి ఏమి వచ్చింది, ఆ రెండింటి మధ్య ఏమి జరిగింది అన్నది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అలా రాయించే సదుపాయం డేటాబేస్ అనుసంధాన డ్రైవర్లలోనే ఉంటుంది. దాన్నే ట్రేసింగ్ అనీ లాగింగ్ అనీ అంటారు. మామూలు రోజుల్లో అది నిద్రపోతూ ఉంటుంది. అవసరమైనప్పుడు దాన్ని సరైన చోట, కొద్దిసేపు మేల్కొలిపి, మళ్లీ నిద్రపుచ్చడం తెలిస్తే రోజుల తరబడి సాగే వెతుకులాట గంటలో ముగియవచ్చు. తెలియకుండా మేల్కొలిపితే మాత్రం కంప్యూటర్ నెమ్మదించడమే కాక, జనం వివరాలు బయటపడే ప్రమాదమూ ఉంది.

మధ్యలో ఉండే దుబాసీ

ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి డేటాబేస్‌లు నెట్‌వర్క్‌పై ఒక్కొక్కటి ఒక్కో పద్ధతిలో మాట్లాడతాయి. ప్రతి ప్రోగ్రామూ అన్ని పద్ధతులనూ నేర్చుకోవాలంటే కుదరదు. అందుకే మధ్యలో దుబాసీ లాంటి ఒక సాఫ్ట్‌వేర్‌ను ఉంచారు. దాని పేరే డ్రైవర్. ప్రోగ్రామ్ అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక పద్ధతిలో అడుగుతుంది. డ్రైవర్ ఆ కోరికను డేటాబేస్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చి పంపుతుంది, జవాబును తిరిగి ఉమ్మడి రూపంలోకి మార్చి ఇస్తుంది.

ఈ ఉమ్మడి పద్ధతుల్లో ప్రసిద్ధమైనవి రెండు. మైక్రోసాఫ్ట్ 1992లో విడుదల చేసిన ఓపెన్ డేటాబేస్ కనెక్టివిటీ మొదటిది. దీన్ని ఓడీబీసీ అంటారు. జావా భాషలో రాసిన ప్రోగ్రామ్‌ల కోసం సన్ మైక్రోసిస్టమ్స్ 1997లో తెచ్చిన జేడీబీసీ రెండోది. బ్యాంకు కౌంటర్‌లో ఖాతా నిల్వ చూపే తెర నుంచి ఆస్పత్రిలో పరీక్షల ఫలితాలు ముద్రించే ప్రోగ్రామ్ వరకు లెక్కలేనన్ని వ్యవస్థల్లో ఈ రెండింటిలో ఏదో ఒకటి పనిచేస్తూ ఉంటుంది. అది ఉన్నట్టు వాడేవారికి తెలియదు. ఏదైనా చెడినప్పుడే తెలుస్తుంది.

ఓడీబీసీలో నాలుగు అంచెలు ఉంటాయి. మొదటిది అప్లికేషన్, అంటే మనిషి వాడే ప్రోగ్రామ్. రెండోది డ్రైవర్ మేనేజర్. ఏ డేటాబేస్‌కు ఏ డ్రైవర్‌ను పిలవాలో ఇది చూసుకుంటుంది. మూడోది డ్రైవర్. నాలుగోది డేటాబేస్. ఒక పేరు తెర మీదికి రావాలంటే ఈ నాలుగు గడపలూ దాటాలి. పేరు ఏ గడప దగ్గర తెగిందో కనిపెట్టడమే ట్రేసింగ్ పని.

లాగ్ వేరు, ట్రేస్ వేరు

‘లాగ్’ అన్న ఇంగ్లిష్ మాటకు దుంగ అని అర్థం. తెరచాప ఓడల కాలంలో నావికులు ఒక చెక్కముక్కకు సమాన దూరాల్లో ముడులు వేసిన తాడు కట్టి సముద్రంలోకి విసిరేవారు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేతుల్లోంచి జారాయో లెక్కపెట్టి ఓడ వేగం తెలుసుకునేవారు. ఓడల వేగాన్ని నేటికీ ‘నాట్’లలో, అంటే ముడులలో చెప్పడం అలా వచ్చిందే. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఆ లెక్కలు రాసుకునే పుస్తకం లాగ్ బుక్ అయింది. అక్కడి నుంచి ఆ మాట కంప్యూటర్లలోకి వచ్చింది.

నేడు లాగ్ అంటే ముఖ్యమైన సంఘటనల చిట్టా. ఎవరు ఎప్పుడు కనెక్ట్ అయ్యారు, ఏ పని విఫలమైంది అన్న వివరాలు అందులో ఉంటాయి. ట్రేస్ అంతకంటే ఎంతో వివరమైనది. ప్రోగ్రామ్ డ్రైవర్‌ను పిలిచిన ప్రతి పిలుపునూ, అప్పుడు ఇచ్చిన విలువలనూ, తిరిగి వచ్చిన ఫలితాన్నీ అది వరుసగా రాస్తుంది. దుకాణంలో రోజు చివర రాసే పద్దు లాంటిది లాగ్. గల్లాపెట్టె తెరిచిన ప్రతిసారీ ఎవరు తెరిచారో, ఎంత తీశారో రాసే లెక్క లాంటిది ట్రేస్. పద్దు ప్రతి రోజూ కావాలి. రెండో లెక్క దొంగను పట్టేటప్పుడు మాత్రమే కావాలి.

అందుకే లాగింగ్‌లో స్థాయిలు ఏర్పరిచారు. జావాతో పాటే వచ్చే లాగింగ్ సదుపాయంలో ఏడు స్థాయిలు ఉన్నాయి. పై నుంచి కిందికి సివియర్, వార్నింగ్, ఇన్ఫో, కాన్ఫిగ్, ఫైన్, ఫైనర్, ఫైనెస్ట్. సివియర్ స్థాయిలో తీవ్రమైన లోపాలే నమోదవుతాయి. ఫైనెస్ట్‌కు దించితే అతి చిన్న కదలిక కూడా నమోదవుతుంది. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో వాడే సిస్‌లాగ్ ప్రమాణంలో 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయిలు ఉంటాయి. అందులో 0 అంటే వ్యవస్థే పనికిరాని స్థితి, 7 అంటే లోపాల వేటకు పనికొచ్చే సూక్ష్మ వివరం.

సాక్షిని ఎక్కడ నిలబెట్టాలి?

ట్రేస్ ఒక సాక్షి లాంటిది. తాను నిలబడిన చోటు నుంచి కనిపించినదే చెప్పగలదు. అందుకే ఆన్ చేసే ముందు ఏ గడప దగ్గర నిలబెట్టాలో నిర్ణయించుకోవాలి.

డ్రైవర్ మేనేజర్ ట్రేస్ అప్లికేషన్ పక్కన నిలబడుతుంది. ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్‌ను, ఏ వరుసలో, ఏ కొలతలతో పిలిచిందో చెబుతుంది. డ్రైవర్ సొంత లాగ్ అవతలి పక్కన నిలబడుతుంది. డ్రైవర్ లోపల ఏ మార్పిడి జరిగింది, సర్వర్‌కు ఏమి పంపింది, ఏమి అందుకుంది అన్నది దానికి తెలుస్తుంది. ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఓడీబీసీ డ్రైవర్‌లో ఇందుకు ‘డీబగ్’, ‘కామ్‌లాగ్’ అని రెండు ఎంపికలు ఉన్నాయి. డీబగ్ డ్రైవర్ అంతర్గత పనిని రాస్తే, కామ్‌లాగ్ సర్వర్‌తో జరిగిన సంభాషణను రాస్తుంది. మూడో సాక్షి డేటాబేస్ సర్వర్ లాగ్. తన దగ్గరికి చేరిన ప్రశ్నలేమిటో, వాటికి ఎంత సమయం పట్టిందో అది చెప్పగలదు. ఇవి చాలనప్పుడు నెట్‌వర్క్‌పై వెళ్లే ప్యాకెట్లను పట్టి చూసే సాధనాలు నాలుగో సాక్షి.

నలుగురినీ ఒకేసారి పిలిస్తే వాంగ్మూలాల గుట్ట పేరుకుపోతుంది, నిజం దాని కింద పడిపోతుంది. ముందు అప్లికేషన్‌కు దగ్గరగా ఉన్న సాక్షిని పిలవడం, అది చెప్పినదాన్ని బట్టి తర్వాతి గడపకు వెళ్లడం మంచి పద్ధతి.

విండోస్‌లో ఆన్ చేయడం

విండోస్‌లో ‘ఓడీబీసీ డేటా సోర్సెస్’ అనే నిర్వహణ సాధనం ఉంటుంది. 64-బిట్ విండోస్‌లో ఇది 32-బిట్, 64-బిట్ అని రెండు రూపాల్లో కనిపిస్తుంది. సమస్య వచ్చిన ప్రోగ్రామ్ ఏ రకమో ముందు తెలుసుకుని ఆ రూపాన్నే తెరవాలి. ప్రోగ్రామ్ ఒక రకం, డ్రైవర్ మరో రకం అయితే కనెక్షనే కుదరదు. అలాంటప్పుడు వచ్చే లోప సంకేతం ఐఎం014.

ఆ సాధనంలోని ‘ట్రేసింగ్’ ట్యాబ్‌లో లాగ్ ఫైలు ఎక్కడ ఉండాలో ఇచ్చి, ‘స్టార్ట్ ట్రేసింగ్ నౌ’ బటన్ నొక్కాలి. తర్వాత ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవడం మేలు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు కొత్త అమరిక అందకపోవచ్చు. సమస్యను ఒక్కసారి తెప్పించి, వెంటనే అదే ట్యాబ్‌కు వెళ్లి ట్రేసింగ్ ఆపాలి.

వెబ్ సర్వర్ వంటివి తెర వెనుక వేరే వినియోగదారు ఖాతా కింద నడుస్తాయి. వాటి పిలుపులు నమోదు కావాలంటే, అదే ట్యాబ్‌లో యంత్రంలోని ఖాతాలన్నిటికీ ట్రేసింగ్ వర్తింపజేసే ఎంపికను గుర్తించాలి. దీనికి నిర్వాహకుడి అధికారం కావాలి. లాగ్ ఫైలు ఉండే ఫోల్డర్‌లో రాసే అనుమతి ఆ ఖాతాకు ఉండటం కూడా ముఖ్యం. ట్రేసింగ్ ఆన్ చేసినా ఫైలు ఖాళీగా ఉందంటే మొదట అనుమానించాల్సింది ఈ అనుమతినే.

లినక్స్‌లో, జావాలో

లినక్స్‌లో ఎక్కువగా వాడే డ్రైవర్ మేనేజర్ పేరు యూనిక్స్‌ఓడీబీసీ. దాని అమరికలు ‘ఓడీబీసీ ఇన్‌స్ట్’ అనే చిన్న పాఠ్య ఫైలులో ఉంటాయి. అది ఏ ఫోల్డర్‌లో ఉందో అదే పేరు గల ఆదేశం చెబుతుంది. ఆ ఫైలులో ‘ఓడీబీసీ’ అనే విభాగం కింద రెండు వరుసలు చేర్చాలి. మొదటి వరుసలో ‘ట్రేస్’ విలువ ‘యెస్’ అని ఉండాలి. రెండో వరుసలో ‘ట్రేస్‌ఫైల్’ విలువగా లాగ్ ఫైలు చిరునామా ఉండాలి. చాలా ఉదాహరణల్లో ఈ చిరునామాగా తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్ కనిపిస్తుంది. నిజమైన సర్వర్‌లో మాత్రం అందరూ చూడగల ఆ ఫోల్డర్‌కు బదులు, బాధ్యులు మాత్రమే తెరవగల చోటును ఎంచుకోవాలి. పని అయ్యాక ‘యెస్’ను ‘నో’గా మార్చడం మరవకూడదు.

జేడీబీసీ కథ కొంచెం వేరు. అక్కడా డ్రైవర్ మేనేజర్ ఉంటుంది కానీ, కనెక్షన్ కుదిర్చాక అది పక్కకు తప్పుకుంటుంది. కాబట్టి డ్రైవర్ సొంత లాగింగ్‌పైనే ఎక్కువ ఆధారపడాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌ల జేడీబీసీ డ్రైవర్లు జావాతో వచ్చే లాగింగ్ సదుపాయాన్నే వాడతాయి. ఒక అమరికల ఫైలులో ఆ డ్రైవర్ పేరు రాసి, దాని స్థాయిని ఫైనెస్ట్‌కు దించి, ప్రోగ్రామ్‌ను ఆ ఫైలుతో మొదలుపెట్టాలి.

ఇక్కడ చాలామంది ఒకచోట తడబడతారు. జావా లాగింగ్‌లో సమాచారం రెండు జల్లెడలు దాటాలి. సందేశాన్ని పుట్టించే ‘లాగర్’ ఒకటి, దాన్ని తెర మీదికో ఫైలులోకో చేర్చే ‘హ్యాండ్లర్’ రెండోది. తెర మీద చూపే హ్యాండ్లర్ స్థాయి మొదటి నుంచీ ‘ఇన్ఫో’గానే ఉంటుంది. లాగర్‌ను ఎంత కిందికి దించినా, హ్యాండ్లర్‌ను కూడా దించకపోతే సూక్ష్మ వివరాలు ఆ రెండో జల్లెడలోనే ఆగిపోతాయి. ఆన్ చేసినా ఏమీ రావడం లేదన్న ఫిర్యాదుకు తరచూ ఇదే కారణం.

ట్రేస్‌ను చదవడం

మొదటిసారి తెరిచినవారికి ట్రేస్ ఫైలు అడవిలా కనిపిస్తుంది. కానీ దాని నిర్మాణం సరళమైనది. ప్రతి పిలుపుకూ రెండు నమోదులు ఉంటాయి. ఒకటి ప్రవేశం, మరొకటి నిష్క్రమణ. ప్రవేశంలో ప్రోగ్రామ్ ఇచ్చిన విలువలు, నిష్క్రమణలో ఫలితం ఉంటాయి. ప్రవేశం ఉండి నిష్క్రమణ లేదంటే ప్రోగ్రామ్ ఆ పిలుపులోనే చిక్కుకుపోయిందని అర్థం.

నిష్క్రమణ పక్కన ఉండే రిటర్న్ కోడ్ మొదట చూడాల్సిన అంశం. 0 అంటే విజయం. మైనస్ 1 అంటే లోపం. మైనస్ 2 అంటే చెల్లని హ్యాండిల్. 100 అంటే ఇక ఇవ్వడానికి సమాచారం లేదని, అది లోపం కాదు. అన్నిటికంటే మోసపుచ్చేది 1. దాని అర్థం ‘విజయమే, కానీ ఒక మాట వినాలి’. చాలా ప్రోగ్రామ్‌లు మొదటి సగం విని సంతోషిస్తాయి, రెండో సగం వినవు.

ఆ మాట ఏమిటో ఎస్‌క్యూఎల్‌స్టేట్ అనే అయిదు అక్షరాల సంకేతం చెబుతుంది. అందులో మొదటి రెండు అక్షరాలు కుటుంబాన్ని సూచిస్తాయి. 08తో మొదలైతే కనెక్షన్ సమస్య. 08001 అంటే కనెక్షన్ అసలు కుదరలేదని, 08ఎస్01 అంటే కుదిరిన కనెక్షన్ మధ్యలో తెగిందని అర్థం. 28000 అంటే ప్రవేశానికి అనుమతి దొరకలేదు. 23000 అంటే పట్టికలోని నియమానికి భంగం కలిగింది. 42ఎస్02 అంటే అడిగిన పట్టిక లేదు. హెచ్‌వైటీ00 అంటే గడువు దాటింది. ఐఎం002 అంటే డేటా సోర్స్ పేరే దొరకలేదు, అంటే విషయం ఇంకా డేటాబేస్ గడప వరకు వెళ్లనేలేదు. ఈ ఒక్క సంకేతం చూసినా ఏ విభాగాన్ని పిలవాలో సగం తేలిపోతుంది.

తెగిన పేరు రహస్యం

పింఛను చీటీ సమస్యను ఇప్పుడు లినక్స్ సర్వర్‌పై తీసిన ట్రేస్‌లో చూద్దాం. పేరు తెచ్చే పిలుపు ‘గెట్‌డేటా’. దాని ప్రవేశంలో ప్రోగ్రామ్ ఇచ్చిన బఫర్ పొడవు 20 అని ఉంది. నిష్క్రమణలో రావలసిన సమాచారం పొడవు 30 అనీ, రిటర్న్ కోడ్ 1 అనీ ఉన్నాయి. కింద ఎస్‌క్యూఎల్‌స్టేట్ 01004 అని ఉంది. పాఠ్యం కుడివైపు కత్తిరించబడిందని దాని అర్థం.

30 ఎలా వచ్చింది? కంటికి ‘శ్రీనివాస్’ నాలుగు అక్షరాలే. శ్రీ, ని, వా, స్. కానీ యూనికోడ్ లెక్కలో శ, పొల్లు, ర, దీర్ఘ గుడి, న, గుడి, వ, దీర్ఘం, స, పొల్లు కలిపి పది సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. పది మూళ్లు ముప్పై. ఇదే పేరును ఇంగ్లిష్ లిపిలో రాస్తే 8 బైట్లు చాలు. పేరుకు 20 సరిపోతాయని అనుకున్న ప్రోగ్రామర్ మనసులో ఒక అక్షరానికి ఒక బైటు అన్న లెక్క ఉంది.

20 బైట్ల బఫర్‌లో చివరి ఒక బైటు పాఠ్యం ముగింపు గుర్తుకు పోతుంది. మిగిలేవి 19. వాటిలో 18 బైట్లకు ఆరు సంకేతాలు పట్టాయి. అంటే శ, పొల్లు, ర, దీర్ఘ గుడి, న, గుడి. అదే ‘శ్రీని’. మిగిలిన ఒక్క బైటు ‘వ’లోని ముక్క, దానంతట అది ఏ అక్షరమూ కాదు. ఇక వాదనకు తావు లేదు. డేటాబేస్ పూర్తి పేరునే ఇచ్చింది. డ్రైవర్ దాన్ని మోసుకొచ్చింది, పాత్ర చాలడం లేదని హెచ్చరించింది కూడా. ఆ హెచ్చరికను ప్రోగ్రామ్ వినలేదు.

పరిష్కారం కూడా ట్రేస్‌లోనే కనిపిస్తోంది. బఫర్‌ను అక్షరాల లెక్కన కాక బైట్ల లెక్కన పెంచాలి. లేదా రిటర్న్ కోడ్ 1 వచ్చినంతకాలం ‘గెట్‌డేటా’ను మళ్లీ పిలిచి మిగిలిన ముక్కలను తెచ్చి కలపాలి. ఒకవేళ ట్రేస్‌లో బఫర్ 100 బైట్లు, వచ్చిన పొడవు 18, రిటర్న్ కోడ్ 0 అని ఉండి ఉంటే అనుమానం అవతలి గడపకు మారేది. అప్పుడు డ్రైవర్ సొంత లాగ్ తెరిచి, సర్వర్ నుంచి ఎన్ని బైట్లు వచ్చాయో చూడాల్సి వచ్చేది.

ఇలాంటిదే మరో తెలుగు సమస్య, పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాల వరుస రావడం. విండోస్‌లో పాతకాలపు ఒక బైటు కోడ్ పేజీలలో తెలుగుకు చోటు లేదు, అది యూనికోడ్ ద్వారానే వస్తుంది. ప్రోగ్రామ్ పాఠ్యాన్ని మామూలు అక్షర రకంగా అడిగితే, మార్పిడిలో ఇమడని తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలవుతాయి. ట్రేస్‌లో ‘గెట్‌డేటా’ పక్కన ఏ రకం అడిగారో రాసి ఉంటుంది. అక్కడ విస్తృత అక్షర రకం లేదంటే కారణం దొరికినట్టే.

సమయాన్ని చదవడం

ట్రేస్ లోపాలనే కాదు, ఆలస్యాన్నీ పట్టిస్తుంది. యూనిక్స్‌ఓడీబీసీ ట్రేస్‌లో ప్రతి నమోదుకూ ప్రాసెస్ సంఖ్య, సెకనులో పది లక్షల వంతు వరకు సమయం ఉంటాయి. 500 మంది జాబితా తెరవడానికి పది సెకన్లు పడుతోందనుకుందాం. సర్వర్ లాగ్ చూస్తే ఒక్కో ప్రశ్నకు 1 మిల్లీసెకను మాత్రమే పట్టింది. అయితే ట్రేస్‌లో ఒకే రకమైన ప్రశ్న వరుసగా 501 సార్లు కనిపిస్తోంది. జాబితా కోసం ఒకటి, తర్వాత మనిషికొకటి. నెట్‌వర్క్‌పై ఒక్కో రాకపోకకు 20 మిల్లీసెకన్లు పడితే మొత్తం 10,020 మిల్లీసెకన్లు. సర్వర్ వేగంగానే ఉంది, వాడేవారి విసుగులోనూ న్యాయం ఉంది. ఇక్కడ కావలసింది కొత్త సర్వర్ కాదు, 501 ప్రశ్నలను ఒకటి రెండుగా కలిపే కోడ్. ఖరీదైన యంత్రం కొనే ముందు ఒక ట్రేస్ తీయడం ఎందుకు లాభమో దీన్ని బట్టి తెలుస్తుంది.

వేర్వేరు యంత్రాల లాగ్‌లను పోల్చాలంటే వాటి గడియారాలు ఒకే సమయం చూపాలి. సర్వర్ గడియారం రెండు సెకన్లు వెనుక ఉంటే, జవాబు ప్రశ్న కంటే ముందే వచ్చినట్టు కనిపిస్తుంది. భారత ప్రామాణిక సమయాన్ని నిర్వహించేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు, ఈ ప్రయోగశాల లేదా జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం నడిపే సమయ సర్వర్లతో గడియారాలను సరిచూసుకోవాలని చెబుతున్నాయి.

ట్రేస్‌కూ ఖరీదు ఉంది

ట్రేస్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే సరిపోదా అనిపించవచ్చు. చిన్న లెక్క వేస్తే ఎందుకు కూడదో తెలుస్తుంది. ఒక పట్టికలో పది నిలువు వరుసలు, లక్ష అడ్డు వరుసలు ఉన్నాయి. ప్రోగ్రామ్ ప్రతి అడ్డు వరుసకూ ఒక ‘ఫెచ్’, పది ‘గెట్‌డేటా’ పిలుపులు చేస్తుంది. మొత్తం పదకొండు. ప్రవేశం, నిష్క్రమణ కలిపి 22 నమోదులు. లక్ష వరుసలకు 22 లక్షల నమోదులు. ఒక్కోటి 300 బైట్లనుకున్నా 66 కోట్ల బైట్లు, అంటే 660 మెగాబైట్లు. ఒక్క నివేదికకే ఇంత. రద్దీగా ఉండే సర్వర్‌లో ఒక రాత్రి మరిచిపోతే డిస్క్ నిండిపోయి, లోపం వెతకబోయిన చోట కొత్త లోపం పుడుతుంది.

వేగం కూడా తగ్గుతుంది. ప్రతి పిలుపూ ఫైలులో రాసేదాకా ఆగాలి. దీనివల్ల మరో చిక్కు ఉంది. రెండు పనులు ఏకకాలంలో పోటీపడినప్పుడు మాత్రమే వచ్చే లోపాలు, ట్రేస్ ఆన్ చేయగానే మాయమవుతుంటాయి. పనులు నెమ్మదించడంతో ఆ పోటీయే జరగదు. అలాంటప్పుడు లోపం పోయిందని సంబరపడకూడదు. తక్కువ స్థాయి లాగింగ్‌తోనో, సర్వర్ వైపు లాగ్‌తోనో మళ్లీ చూడాలి.

లాగ్‌లో దాగిన రహస్యాలు

అన్నిటికంటే పెద్ద ఖరీదు గోప్యత. డ్రైవర్ గుండా వెళ్లేది జనం సమాచారమే. పేర్లు, ఫోన్ నంబర్లు, రోగాల వివరాలు, ఖాతా నిల్వలు ఆ దారిలోనే ప్రయాణిస్తాయి. డేటాబేస్‌కు పాస్‌వర్డ్, ఫైర్‌వాల్, అనుమతుల పట్టిక అన్నీ కాపలా ఉంటాయి. అదే సమాచారం ట్రేస్‌లోకి చేరాక మామూలు పాఠ్య ఫైలు అయిపోతుంది. సాయం కోసం దాన్ని ఎవరికో మెయిల్ చేస్తే, డేటాబేస్‌లోని ఒక ముక్కను మెయిల్ చేసినట్టే.

పెద్ద సంస్థలకూ ఈ పొరపాటు తప్పలేదు. 2018 మే 3న ట్విట్టర్ తన 33 కోట్ల మంది వినియోగదారులను పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం మంచిదని కోరింది. పాస్‌వర్డ్‌లను గుర్తుపట్టలేని రూపంలోకి మార్చే పని పూర్తికాకముందే అవి ఒక అంతర్గత లాగ్‌లో ఉన్నవి ఉన్నట్టు నమోదయ్యాయి. బయటివారు వాటిని చూసినట్టు ఆధారాలు లేవని ఆ సంస్థ ప్రకటించింది. అయినా హెచ్చరించక తప్పలేదు. తాళం గట్టిదే, కానీ తాళంచెవి బొమ్మ గోడ మీద గీసి ఉంది.

నేటి డ్రైవర్ మేనేజర్లు కనెక్షన్ వివరాల్లోని పాస్‌వర్డ్‌ను సాధారణంగా నక్షత్రాలతో కప్పుతాయి. కానీ ఆ ముసుగు అన్నిటినీ కప్పదు. ప్రోగ్రామర్ విలువలను నేరుగా ప్రశ్న వాక్యంలోనే అతికిస్తే, ఆధార్ నంబరుతో సహా ఆ వాక్యం మొత్తం ట్రేస్‌లోకి వస్తుంది. విలువ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం ఉంచి, విలువను విడిగా అందించే పద్ధతిలో డ్రైవర్ మేనేజర్ ట్రేస్‌లో సాధారణంగా ఆ ప్రశ్నార్థకమే కనిపిస్తుంది. దొంగ ఆదేశాలను చొప్పించే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ దాడుల నుంచి కాపాడేదీ ఇదే పద్ధతి. ఒకే మంచి అలవాటు రెండు ముప్పులను తప్పిస్తుంది.

లాగ్‌లను ఎంతకాలం ఉంచాలన్నది మరో ప్రశ్న. సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సమాచార వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు దేశ పరిధిలో భద్రంగా ఉంచాలి. మరోవైపు 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, జనం సమాచారాన్ని కాపాడే బాధ్యతను దాన్ని వాడే సంస్థల మీదే పెట్టింది. ఉంచడమూ బాధ్యతే, కాపాడటమూ బాధ్యతే. ఏ ఫైలు ఏ కోవకు వస్తుందో, దాన్ని ఎవరు తెరవవచ్చో, ఎప్పుడు చెరపాలో సంస్థ ముందే రాసిపెట్టుకుంటే, ఆపద సమయంలో తడుముకోవాల్సిన పని ఉండదు.

పాటించాల్సిన క్రమం

డేటాబేస్ డ్రైవర్‌లో ట్రేస్ తీసేటప్పుడు ఈ వరుస ఉపయోగపడుతుంది.

మొదట, సమస్యను ఒక్క వాక్యంలో రాయాలి. ‘సిస్టమ్ సరిగా లేదు’ అని కాక, ‘ఫలానా పేరు ఫలానా నివేదికలో తెగుతోంది’ అన్నట్టుగా ఉండాలి.

రెండోది, వీలైతే నిజమైన సర్వర్‌పై కాక పరీక్షల కోసం ఉన్న యంత్రంపై, కల్పిత వివరాలతో అదే సమస్యను తెప్పించాలి.

మూడోది, డిస్క్‌లో ఖాళీ ఎంత ఉందో, గడియారం సరిగా ఉందో లేదో, ఫోల్డర్ అనుమతులు ఎలా ఉన్నాయో చూడాలి.

నాలుగోది, ఒకే గడప దగ్గర ట్రేస్ ఆన్ చేసి, ప్రోగ్రామ్‌ను మళ్లీ మొదలుపెట్టి, సమస్యను ఒక్కసారే తెప్పించి, వెంటనే ఆపాలి. ఆపిన తర్వాత ఫైలు పెరగడం నిజంగా ఆగిందో లేదో కూడా చూడాలి.

అయిదోది, చదివేటప్పుడు ఫైలు కింది నుంచి పైకి వెళ్లాలి. చివర కనిపించే లోపం తరచూ ఫలితమే, దాని కారణం కొన్ని వరుసల పైన ఉంటుంది. రిటర్న్ కోడ్ 1 ఉన్న చోట్లను దాటేయకూడదు.

ఆరోది, ఇతరులకు పంపాల్సి వస్తే సమస్యకు సంబంధించిన వరుసలను మాత్రమే తీసి, పేర్లు, నంబర్లు, సర్వర్ చిరునామాలు మార్చి పంపాలి. పాస్‌వర్డ్ కనిపించిందన్న అనుమానం ఉంటే దాన్ని మార్చేయాలి.

సాఫ్ట్‌వేర్ లోపాలు వచ్చినప్పుడు ఎవరిది తప్పన్న ప్రశ్న ముందుకొస్తుంది, ఏమి జరిగిందన్న ప్రశ్న వెనక్కి పోతుంది. ట్రేస్ ఈ వరుసను సరిచేస్తుంది. అది ఎవరి పక్షానా వాదించదు, చూసినది చూసినట్టు రాస్తుంది. దాన్ని తెరవడానికి రెండు వరుసలో ఒక బటనో చాలు. దాన్ని సమయానికి మూయడం, అందులోని మనుషుల వివరాలను కాపాడటం మాత్రం యంత్రానికి వదిలేసే పని కాదు. అది తెరిచినవారి బాధ్యత.